స్తంభం ఎక్కే ముందు ఒక నిమిషం

కరెంటు పనిలో కొత్తగా చేరేవాళ్ళకు ఏదైనా చెప్పమంటే ఎవరైనా వైర్లు, ఫ్యూజులు, ట్రాన్స్‌ఫార్మర్ల గురించి చెబుతారు. అవన్నీ మీకు శిక్షణలో నేర్పుతారు. నేను చెప్పేది వేరు. నా పేరు యాకయ్య. నా ఉద్యోగమంతా జనగామ, తొర్రూరు, భూపాలపల్లి, చివరకు మహబూబాబాద్‌లో గడిచింది. లైన్‌మన్‌గా చేరి లైన్ ఇన్‌స్పెక్టర్‌గా పదవీ విరమణ చేశాను. ఏ ప్రమోషన్ ఎప్పుడు వచ్చిందో, దానికోసం ఎవరి చుట్టూ తిరిగానో మీకు అక్కర్లేదు. మీకు పనికొచ్చే మాట ఒకటుంది. ఈ పనిలో మనిషిని ముందు పట్టుకునేది కరెంటు కాదు, కంగారు. కరెంటు దాని వెనకాల వస్తుంది.

ఫోను మోగే ఉద్యోగం

ఎండాకాలం సాయంత్రం గాలిదుమారం లేచిందనుకోండి. చెట్టు కొమ్మ విరిగి లైను మీద పడుతుంది. ఆ క్షణం నుంచి మీ జేబులో ఫోను ఆగదు. సర్పంచ్ చేస్తాడు, రైతు చేస్తాడు, పెళ్ళింటివాళ్ళు చేస్తారు, పై అధికారి చేస్తాడు. అందరిదీ ఒకే ప్రశ్న. "కరెంటు ఎప్పుడిస్తవన్నా?" మీరింకా బండి మీదే ఉంటారు. తెగింది ఎక్కడో కూడా తెలియదు. అయినా ఏదో ఒకటి చెప్పాలి. గంటలో అంటారు. అప్పటినుంచి ఆ గంట మీ నెత్తిమీద కూర్చుంటుంది.

దీన్ని ఇప్పుడు ఒత్తిడి అంటున్నారు. మా రోజుల్లో పరేషాన్ అనేవాళ్ళం. మందుతో దాన్ని అణచుకున్నవాళ్ళను చూశాను. బీపీ మాత్రలు జేబులో వేసుకుని స్తంభాలు ఎక్కినవాళ్ళనూ చూశాను. మనిషి ఒక ఊళ్ళో ఉంటాడు, మనసు నాలుగు ఊళ్ళలో తిరుగుతుంటుంది. అది ఎంత ప్రమాదమో నాకు వీరన్న వల్ల తెలిసింది.

వీరన్న

తొర్రూరులో నాతో పనిచేసిన లైన్‌మన్ వీరన్న. మా అందరిలోకీ జాగ్రత్తపరుడు. బెల్టు లేకుండా స్తంభాన్ని ముట్టడు. ఎక్కేముందు లైన్ క్లియర్ తీసుకోనిదే కదలడు. లైన్ క్లియర్ అంటే, సబ్‌స్టేషన్‌లో ఆ లైనుకు కరెంటు ఆపి, మనం దిగామని చెప్పేదాకా మళ్ళీ ఇవ్వబోమని మాట ఇవ్వడం. మా ప్రాణాలు ఆ మాట మీదే ఉంటాయి.

ఆరోజు రెండు లైన్లు పక్కపక్కనే పోయే చోట పని పడింది. వీరన్న ఒక లైనుకు క్లియర్ తీసుకున్నాడు. స్తంభం దగ్గరకు నడుస్తుంటే ఫోను వచ్చింది. అవతల ఎవరో పెద్దమనిషి, కరెంటు లేక తన ఇంట్లో ఫంక్షన్ పాడవుతోందని తిడుతున్నాడు. వీరన్న "అయితది సార్, ఐదు నిమిషాలల్ల అయితది" అంటూనే నడిచాడు. ఫోను జేబులో పెట్టి, కరెంటు ఆపని పక్క లైను స్తంభం ఎక్కాడు. నేను వెనకాల తాడు విప్పుతున్నాను. చప్పుడు విని తల ఎత్తేసరికి మనిషి పైన లేడు, కింద తడి పొలంలో పడి ఉన్నాడు.

బతికాడు. బురద మెత్తగా ఉండబట్టి బతికాడు. ఎడమ చేయి మోచేతి దాకా తీసేశారు. వరంగల్ దవాఖానలో కళ్ళు తెరిచి మాట్లాడగలిగిన రోజు నేను పక్కన ఉన్నాను.

"గా స్తంభం నాకు తెల్వదా యాకన్నా?" అన్నాడు. "కండ్లు మూసుకొని చెప్తా, ఏది ఏ లైనో. చేతులు స్తంభం మీదున్నయి. నేనే ఆడ లేను."

విచారణలో 'అజాగ్రత్త' అని తేల్చారు. నేను ఒప్పుకోను, ఇప్పటికీ ఒప్పుకోను. అతనికి జాగ్రత్త లేక కాదు. ఉన్న జాగ్రత్తనంతా ఆ ఫోనులో మనిషి లాక్కున్నాడు. ఈ తేడా పై అధికారులకు ఎవరికీ పట్టలేదు. అందరికీ మరోసారి జాగ్రత్తగా ఉండమని చెప్పి పంపించారు. జాగ్రత్తగా ఎలా ఉండాలో మాత్రం చెప్పలేదు.

దవడ దగ్గర భయం

వీరన్న పడ్డాక నాకు నిద్ర కరువైంది. స్తంభం ఎక్కాల్సి వస్తే ఏదో ఒక వంక పెట్టి పక్కవాడిని ఎక్కించేవాడిని. ఎవరికీ చెప్పుకోలేదు. లైన్‌మన్ భయపడ్డానని చెప్తే ఇంకేం మిగులుతుంది? అదే సమయంలో భూపాలపల్లికి బదిలీ అయింది. ఊరు మారితే భయం కూడా మారుతుందనుకున్నాను. అది నాతోనే బస్సెక్కి వచ్చింది.

అక్కడ మా ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీర్, సరిత మేడం. నాకంటే బాగా చిన్నది. తక్కువ మాట్లాడేది. వెళ్ళిన కొత్తలో ఒక పత్తి చేను దగ్గర తీగను మోసే పింగాణీ ఇన్సులేటర్ మార్చే పని పడింది. లైను ఆపారు, అంతా సిద్ధం. నేను స్తంభం కింద నిలబడి బెల్టు సర్దుకుంటున్నాను. సర్దుకుంటూనే ఉన్నాను. మేడం మిగతావాళ్ళను నీళ్ళు తాగి రమ్మని పంపి నా దగ్గరకు వచ్చింది.

"భయమైతుందా యాకయ్య గారూ?"

"లేదు మేడం. బెల్టు జర వదులైంది."

"బెల్టు మంచిగనే ఉన్నది." నా బెల్టు కొస లాగి చూసింది. "నాకైతే ఫోన్ మోగుతనే కడుపుల తిప్పుతది. మీకు యాడ తెలుస్తది?"

నన్ను ఎవరూ అలా అడగలేదు. ఎందుకు భయం అన్నవాళ్ళు ఉన్నారు, భయపడకు అన్నవాళ్ళు ఉన్నారు. ఎక్కడ అని అడిగింది ఆమే. వెతికి చూసుకున్నాను.

"దవడ కాడ మేడం. పండ్లు కరుసుకొని ఉన్న."

"సరే. దాన్ని ఎల్లగొట్టాల్నని చూడకుర్రి. ఉండనీయుర్రి. ఊపిరి ఇడిచేటప్పుడు జర నిమ్మళంగ ఇడువుర్రి, అంతే. కాళ్ళ కింద ఏమున్నది?"

"నల్లమట్టి. ఎడమ బూటు కింద రాయి ఉన్నది."

"పైన ఏమున్నది?"

చూశాను. స్తంభం, దాని మీద వంకరగా ఉన్న అడ్డ కమ్మీ, పగిలిన ఇన్సులేటర్, ఒక కొంగ ఈక. అంతసేపూ ఆ స్తంభం వైపు తలెత్తి కూడా, దాన్ని చూడలేదని అప్పుడు అర్థమైంది. నేను చూస్తున్నది తొర్రూరు పొలంలో పడిన వీరన్నను.

ఆరోజు నేను ఎక్కలేదు. మేడం ఎక్కమనలేదు. మరుసటి రోజు ఇంకో స్తంభం దగ్గర నేనే నిలబడి, దవడ వదులు చేసుకుని, రాళ్ళూ మట్టీ చూసుకుని ఎక్కాను. చేతులు వణికాయి. వణుకుతున్నాయని నాకు తెలుసు. తెలిసి వణకడం వేరు. అలాగే పని చేసి దిగాను.

కొన్నాళ్ళకు అడిగితే చెప్పింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమెకూ నిద్ర పట్టని కాలం ఒకటి వచ్చిందట. చూపించుకున్న డాక్టరమ్మ మాత్రలతో పాటు ఈ అలవాటు కూడా నేర్పిందట. మనసు ఎటో పోయిందని గమనించడం, ఊపిరి మీద ధ్యాస పెట్టి దాన్ని వెనక్కు తేవడం, మళ్ళీ పోతే మళ్ళీ తేవడం. అంతకుమించి అందులో ఏమీ లేదంది. ఆ 'అంతే' నేర్చుకోవడానికి నాకు ఏళ్ళు పట్టింది.

తరవాత దాన్ని మా జట్టు మొత్తానికీ నియమంగా పెట్టింది. స్తంభం ఎక్కే ముందు ఫోన్లన్నీ జీపులో పెట్టాలి. అందరూ ఒక నిమిషం మాట్లాడకుండా నిలబడాలి. ఊపిరి చూసుకోవాలి, చుట్టూ చూడాలి, వినాలి. తరవాత ఒకరు గట్టిగా చెప్పాలి: ఇది ఏ లైను, క్లియర్ ఎవరి పేరున ఉంది, పైన ఏ తీగ దాటుతోంది. మొదట్లో కుర్రాళ్ళు నవ్వారు. "మేడం మనతోని జపం చేయిస్తుంది" అన్నారు. ఆమె వాళ్ళను నవ్వనిచ్చింది. నిమిషం పూర్తయ్యేదాకా మాత్రం ఎవరినీ ఎక్కనివ్వలేదు.

సమ్మయ్య పొలం

ఒక యాసంగి పంటకాలంలో, వరి గింజ పాలు పోసుకునే సమయంలో, పెద్ద గాలి వచ్చి భూపాలపల్లి వైపు చాలా స్తంభాలు పడిపోయాయి. మేడం ఒక జట్టుతో ఒకవైపు వెళ్ళింది. రెండో జట్టు నాకు అప్పగించింది. మేము వెళ్ళిన ఊళ్ళో రెండు రోజులుగా మోటార్లు లేవు. మేము జీపు దిగేసరికే జనం స్తంభం చుట్టూ ఉన్నారు.

ముందున్న మనిషి పేరు సమ్మయ్య. మూడెకరాలు కౌలుకు చేస్తున్నాడు. తువ్వాల నడుముకు చుట్టుకుని నా మీదికి వచ్చాడు.

"నిద్ర సాలిందా సార్లకు? పొలం నెర్రెలు వారుతుంది. ఇంకేం చూస్తుండ్రు, ఎక్కుర్రి."

వెనకున్నవాళ్ళు కూడా అరుస్తున్నారు. ఒకరు నా భుజం పట్టుకుని స్తంభం వైపు తోశారు. నా దవడ బిగుసుకుంది. పూర్వమైతే రెండిట్లో ఒకటి చేసేవాడిని. తిరిగి అరిచేవాడిని, లేదా ఆ అరుపుల నుంచి తప్పించుకోవడానికి వెంటనే ఎక్కేసేవాడిని. ఆలోచిస్తే రెండూ ఒకటే. ఆ చోటు నుంచి పారిపోవడమే.

ఊపిరి మెల్లగా వదిలాను. అప్పుడు సమ్మయ్య ముఖం కనిపించింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కాళ్ళకు బురద ఎండిపోయి ఉంది. అతనికీ నిద్ర లేదు.

"గింజ పాలు పోసుకున్నదా అన్నా?" అని అడిగాను.

తిట్లకు సిద్ధంగా ఉన్నవాడు ఆగాడు. "పోసుకుంటుంది. గిప్పుడు నీళ్ళు లేకుంటే మొత్తం తాలే."

"సరే. అందుకే వచ్చినం. నువ్వు నాకొక సాయం జెయ్యి. మేము ఒక్క నిమిషం సప్పుడు చేయకుండ నిలబడతం. గా నిమిషం మీవోళ్ళను కూడ మాట్లాడనియ్యకు."

"నిలబడి ఏం జేస్తరు?"

"చూస్తం. ఇంటం."

నన్ను వెర్రివాణ్ణి చూసినట్టు చూశాడు. కానీ చేయడానికి ఏదో ఒకటి దొరికింది కదా. జనం వైపు తిరిగి "ఊకోర్రి. జర ఊకోర్రి అందరు" అన్నాడు. రెండు మూడు సార్లు అనాల్సి వచ్చింది. తరవాత నిజంగానే నిశ్శబ్దం అయింది.

గాలి వినిపించింది. ఎక్కడో మేక అరిచింది. దాని వెనకాల, చాలా సన్నగా, ఆగకుండా కొట్టుకుంటున్న చప్పుడు ఒకటి. మా జట్టులో కుమార్ నా వైపు చూశాడు.

"అన్నా, గది జనరేటర్ గాదా?"

సమ్మయ్య చెప్పాడు. "గా మిల్లుది. పొద్దటిసంది నడుస్తనే ఉన్నది."

కొత్తవాళ్ళకు ఇది వివరించాలి. మేము సబ్‌స్టేషన్ వైపు నుంచి కరెంటు ఆపాం. కానీ ఊళ్ళో ఎవరైనా జనరేటర్ పెట్టుకుని, లైనుతో తమ సంబంధం తెంపకుండా నడిపితే, ఆ కరెంటు వాళ్ళ ట్రాన్స్‌ఫార్మర్ గుండా వెనక్కు తిరిగి, పెద్ద తీగల్లోకి వేల వోల్టులై వస్తుంది. చచ్చిన తీగ అనుకుని పట్టుకున్నవాడు ప్రాణాలతో దిగడు. ఆ చిన్న మిల్లుకు వెళ్ళే తీగ మేము ఎక్కబోయే స్తంభం మీది నుంచే పోతోంది.

కుమార్‌ను తన బండి మీద ఎక్కించుకుని సమ్మయ్యే వెళ్ళాడు. కాసేపటికి ఆ చప్పుడు ఆగింది. కుమార్ తిరిగొచ్చి చెప్పాడు. జనరేటర్ వైరును నేరుగా మెయిన్‌లో కలిపేశారట, మధ్యలో మార్చే స్విచ్ లేదట. దాన్ని విప్పించి వచ్చాడు. తీగల్లో కరెంటు ఉంటే నేలలోకి దింపేసే ఎర్తు రాడ్లు వేసి, అప్పుడు ఎక్కాం.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ రాడ్లు ముందే వేసినా ప్రమాదం బయటపడేది. రాడ్లు ఉన్నది అందుకే. చెవులను నమ్ముకుని రాడ్లు వదిలేయకండి. కానీ జనం మీద పడి తోస్తున్నప్పుడు రాడ్లు జీపులోనే ఉండిపోయిన రోజులు నేను ఎన్నో చూశాను. ఆ నిమిషం లేకపోతే ఆరోజు కూడా ఉండిపోయేవేమో. నాకు తెలియదు.

మధ్యాహ్నం దాటాక మోటార్లు తిరిగాయి. సామాను సర్దుతుంటే సమ్మయ్య వచ్చి నా పక్కన గట్టు మీద కూర్చున్నాడు. చాలాసేపు కాలువలో నీళ్ళు చూశాడు.

"నేనే నిన్ను ఎక్కు ఎక్కు అన్న."

"అన్నవ్."

"ఎక్కితే?"

అతను తువ్వాలతో ముఖం తుడుచుకుని, లేచి, మా అందరినీ ఇంటికి పిలుచుకెళ్ళి అన్నం పెట్టించాడు. ఆ తరవాత లైను పోయినప్పుడల్లా నాకు ఫోను చేసేవాడు. కరెంటు ఎప్పుడిస్తవ్ అని అడిగేవాడు కాదు. "నిలబడ్డరా?" అని అడిగేవాడు.

ఊపిరి చేయలేని పనులు

ఈ మధ్య మైండ్‌ఫుల్‌నెస్ అన్న మాట అన్ని ఆఫీసుల్లోకీ వచ్చింది. నేను పదవీ విరమణ చేసే ముందు జనగామకు పిలిపించి మాకు కూడా ఒక క్లాసు పెట్టించారు. ఒకాయన సన్నటి సంగీతం పెట్టి, కళ్ళు మూసుకుని ప్రశాంతమైన నదిని ఊహించుకోమన్నాడు. వెనక వరసలోంచి ఒక లైన్‌మన్ లేచాడు.

"సార్, నా గ్లౌజులు చినిగినయి. ఊపిరి పీలుస్తే అతుక్కుంటయా?"

అందరం నవ్వాం. ఆయన నొచ్చుకున్నాడు. కానీ ఆ లైన్‌మన్ అడిగింది సరైన ప్రశ్న. చేతులకు గ్లౌజులు లేనివాడికి, ఇద్దరి పని ఒక్కడే చేస్తున్నవాడికి ఊపిరి చూసుకోమని చెప్పి పంపించడం మోసం. సరిత మేడం మాకు నిమిషం నిలబడడం నేర్పింది. చినిగిన గ్లౌజులతో జట్టును పంపనని పై అధికారి ముందు నిలబడి చెప్పింది కూడా ఆమే. ఆమెకు రెండూ ఒకే పని. మనసు నిమ్మళమైతే ఓర్చుకోవడం వస్తుందంటారు చాలామంది. నా అనుభవం వేరు. మనసు నిమ్మళమైతే గ్లౌజు చినిగిందని కనిపిస్తుంది. కనిపించాక వద్దని చెప్పే ధైర్యం వస్తుంది.

కళ్ళు మూసుకోవడం కూడా మన పనికి సరిపడదు. మనది కళ్ళు తెరిచి చేసే సాధన. ఇంకొక విషయం. వారాల తరబడి నిద్ర పట్టకపోతే, తిండి సయించకపోతే డాక్టరు దగ్గరకు వెళ్ళండి. సిగ్గుపడకండి. వీరన్న చేతి గాయం మానాక కూడా చాలా రోజులు మనసు డాక్టరు దగ్గరకు వెళ్ళాడు. అది అతన్ని నిలబెట్టింది.

ఇప్పుడు వీరన్న తొర్రూరులోనే ఫిర్యాదుల ఫోను దగ్గర కూర్చుంటున్నాడు. ఆ సీటు అతను అడిగి తీసుకున్నదే. లైను పోగానే ఫోన్లన్నీ అతనికే వెళ్ళాలని, స్తంభం మీదున్నవాళ్ళకు ఒక్కటి కూడా పోవద్దని పట్టుబట్టి పెట్టించాడు. ఎవరెంత అరిచినా ఒకే గొంతుతో చెబుతాడు. "నేను వీరన్నను మాట్లాడుతున్న. మావోళ్ళు పైన ఉన్నరు. దిగినంక నేనే మీకు జేస్తా." చేస్తాడు కూడా. తొర్రూరులో ఇప్పుడు లైన్‌మన్లు ప్రశాంతంగా పని చేసుకుంటున్నారంటే అది ఏ క్లాసు వల్లా కాదు.

గేటు దగ్గర

ఇంటి విషయం కూడా చెప్పాలి, ఎందుకంటే కంగారు యూనిఫారంతో పాటు విప్పేస్తే పోయేది కాదు. ఒకరోజు అన్నం తిని లేస్తుంటే నా భార్య సరోజన అడిగింది.

"ఏం కూర తిన్నవ్?"

నాకు తెలియలేదు. చేతికి ఇంకా పసుపు రంగు ఉంది, కూర పేరు మాత్రం తెలియలేదు. ఆమె కోపం చేసుకోలేదు. గిన్నెలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. అది నన్ను ఎక్కువ బాధపెట్టింది.

అప్పటినుంచి ఇంటి గేటు దగ్గర బండి ఆపాక కాసేపు అక్కడే నిలబడడం మొదలుపెట్టాను. హెల్మెట్ తీసి, ఊపిరి వదిలి, లోపల ఏం చప్పుళ్ళు వస్తున్నాయో వినేవాడిని. కుక్కర్, టీవీ, నా కూతురు గట్టిగా చదువుకుంటున్న పాఠం. అప్పుడు లోపలికి వెళ్ళేవాడిని. కొన్నాళ్ళు చూసి సరోజన బయటికి వచ్చింది.

"గేటు కాడ ఏం జేస్తున్నవ్ రోజు?"

"వస్తున్న."

"వచ్చినవ్ గదా."

"ఇంక పూర్తిగ రాలే."

నవ్వి లోపలికి వెళ్ళింది. ఆ రాత్రి వంకాయ కూర. ఉప్పు కొంచెం తక్కువైంది. ఆ మాట చెప్తే ఆమె సంతోషించిన ఏకైక సందర్భం అదే.

కొత్తవాళ్ళు

ఈమధ్య జనగామలో కొత్త జూనియర్ లైన్‌మన్లకు నాలుగు మాటలు చెప్పమని పిలిచారు. వాళ్ళలో మమత అనే అమ్మాయి ఉంది. మహబూబాబాద్ దగ్గర పల్లె ఆమెది. నేను చెప్పిందంతా విని చేయి ఎత్తింది.

"సార్, భయం ఎప్పుడు పోతది?"

మిగతావాళ్ళు నవ్వారు. ఆమె నవ్వలేదు.

"నాకైతే పోలే బిడ్డా," అన్నాను. "అది ఉన్నదని తెలుసుకునుడు మాత్రం అలవాటైంది. ఉన్నదని తెలిస్తే, పని అది చేయది, నువ్వే చేస్తవ్."

తరవాత మైదానంలో ప్రాక్టీసు స్తంభం ఎక్కించారు. మమత వంతు వచ్చింది. కింద నిలబడింది, చూసుకుంది, ఎక్కింది. సగం దాకా వెళ్ళి ఆగిపోయింది. వెంటనే కింద నుంచి పది గొంతులు లేచాయి. కిందికి చూడకు, చేయి మార్చు, కాలు పైకి పెట్టు. బెల్టు మీద ఆనుకుని ఆమె ఒక చేయి వెనక్కు చాపింది, ఆగమన్నట్టు. అందరూ ఊరుకున్నారు.

ఆమె వీపు మాత్రమే నాకు కనిపిస్తోంది. భుజాలు పైకి లేచాయి, మెల్లగా దిగాయి. మళ్ళీ లేచాయి, దిగాయి. శిక్షకుడు నా వైపు చూశాడు. కదలవద్దని సైగ చేశాను. కాసేపటికి ఆమె కాలు పై మెట్టుకు జరిగింది. ఆ తరవాత తొందరపడకుండా, ఒక్కో పట్టూ చూసుకుంటూ పైదాకా వెళ్ళింది.

పైన మళ్ళీ ఆగింది. శిక్షకుడు ఉండబట్టలేక అడిగాడు.

"ఏమైందమ్మా?"

"ఏం గాలే సార్," అని పైనుంచి జవాబు వచ్చింది. "గాలి మంచిగొస్తుంది."